ఆ భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి,

హెల్ముట్ కోల్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. 1982 నుంచి 16 ఏళ్లు జర్మనీ ఛాన్సలర్, 1990లో జర్మనీ ఏకీకరణ, 1992లో ఐరోపా సమాఖ్యకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం, ఆ తర్వాత యూరో. తారీఖుల్లో తప్పు లేదు. కానీ మనిషే కనబడలేదు. "ఐరోపా ఐక్యతా శిల్పి" అని నాలుగుచోట్ల రాశావు. ఆ పేరాల్లో కోల్ పేరు తీసి ఇంకో నాయకుడి పేరు పెట్టినా ఎవరూ గుర్తుపట్టరు.

నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. మా ఊరి పెద్దాయన ఒకరు పోతే పత్రికకు సంస్మరణ రాశాను. అది చదివి వాళ్లావిడ, "బాబూ, ఇది ఎవరి గురించి రాశావు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

జాన్-క్లోడ్ యుంకర్ జ్ఞాపకాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. వ్యాసం ప్రాణమంతా అక్కడే ఉంది. 2017 జూలై 1న స్ట్రాస్‌బర్గ్‌లో, ఐరోపా పార్లమెంటులో, కోల్ శవపేటిక మీద ఐరోపా సమాఖ్య నీలిజెండా కప్పి ఉంది. అప్పటికి ఐరోపా కమిషన్ అధ్యక్షుడిగా ఉన్న యుంకర్, 1997 డిసెంబరు నాటి లక్సెంబర్గ్ శిఖరాగ్ర సమావేశాన్ని తలుచుకున్నారు. తూర్పు ఐరోపా దేశాలకు సమాఖ్య తలుపులు తెరవాలని నిర్ణయించిన సమావేశం అది. మధ్యాహ్న భోజనాల దగ్గర కోల్ మాట్లాడతానన్నారు. తన జీవితంలోని ఎంతో గొప్ప క్షణాల్లో ఇదొకటని చెప్పారు. ఆపైన గొంతు పెగల్లేదు. ఏడ్చేశారు. ఆ బల్ల చుట్టూ ఏడ్చింది ఆయనొక్కరే కాదట.

ఆ కన్నీళ్లు ఎక్కడివో పాఠకుడికి అర్థం కావాలంటే ఏం చెప్పాలో ఆలోచించు. కోల్ వాళ్లన్నయ్య వాల్టర్ 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. కోల్ తన పెద్దకొడుక్కి ఆ పేరే పెట్టుకున్నారు. 1984లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ పోరాడిన వెర్డన్ దగ్గర, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాండ్ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఫొటో నువ్వూ చూశావు. ఆ పక్కనే ఉన్న అస్థిశాలలో ఫ్రెంచివాళ్లవీ జర్మన్లవీ కలిసిపోయిన 1,30,000 మంది గుర్తు తెలియని సైనికుల ఎముకలు ఉన్నాయి. కోల్ తండ్రి అక్కడే పోరాడాడు. మిత్తరాండ్ 1940లో ఆ చుట్టుపక్కలే గాయపడ్డారు. ఇవి చెబితే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

ఇంకోటి. గుర్తుచేసుకుంటున్న మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పి తీరాలి. 1997లో యుంకర్ లక్సెంబర్గ్ ప్రధాని, అంటే ఆ భోజనానికి ఆతిథ్యమిచ్చింది ఆయనే. 2017 నాటికి ఆ సమాఖ్యను నడిపేదీ ఆయనే. పైగా కోల్ అంటే ప్రాణం. దానివల్ల ఆయన మాట అబద్ధమైపోదు. కానీ ఆ ప్రేమ కూడా పాఠకుడికి కనబడాలి.

తర్వాత తనూ జర్మనీ ఛాన్సలర్ అయిన ఏంజెలా మెర్కెల్ విషయంలో నాకు నిజంగా బాధేసింది. ఆమెను నువ్వు వదిలేశావు! రాజకీయాల్లో ఆమెను పైకి తెచ్చింది కోల్. వాళ్ల పార్టీకి గుట్టుగా వచ్చిన విరాళాల గొడవలో దాతల పేర్లు చెప్పనని ఆయన మొండికేస్తే, ఇక పార్టీ ఆయన లేకుండా నడవడం నేర్చుకోవాలని 1999 డిసెంబరులో పత్రికలో రాసింది ఆమే. ఆ పెద్దాయనకు అది ఎంత నొప్పి కలిగించి ఉంటుందో ఊహించు. 18 ఏళ్ల తర్వాత ఆ శవపేటిక ముందు నిలబడి, బెర్లిన్ గోడకు అవతల, తూర్పు జర్మనీలో బతికిన తనలాంటి లక్షలమంది జీవితాలు ఆయన లేకపోతే మరోలా ఉండేవని చెప్పి, తనకిచ్చిన అవకాశాలకు థ్యాంక్స్ చెప్పిందీ ఆమే. ఈ రెంటిలో ఏదీ దాచకు. ఒకదాన్ని రెండోదానితో కొట్టెయ్యకు. పక్కపక్కనే పెట్టి ఊరుకో. విరాళాల సంగతి రాస్తే కోల్ చిన్నబోతాడని భయపడ్డట్టున్నావు. భయపడకు, ఆయన తట్టుకుంటాడు.

టెన్షన్ పడకుండా ఆ భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. మెర్కెల్ పేరా ఒక్కటీ అవగానే ముందు నాకు పంపు, మిగతాది నిదానంగా చూద్దాం.

నీ అన్నయ్య