లంక మకాంలో పశువులు, చిరుత భయం

ప్రశ్న: గోదావరి లంకలో అరటి తోట పక్కన మాకు పశువుల మకాం ఉంది. పాడి గేదెలు, దూడలు రాత్రిళ్లు అక్కడే ఉంటాయి. కడియం వైపు చిరుత తిరిగిన దగ్గర్నుంచి మా ఊళ్లో కొందరు చుట్టూ కరెంటు తీగ పెడదామని, కొందరు చచ్చిన మేకకు విషం పెడదామని అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక రైతు, ఆలమూరు మండలం

జవాబు: మీ భయం న్యాయమైనదే. 2022లో ప్రత్తిపాడు ప్రాంతంలో పెద్దపులి గేదెలను చంపినప్పుడూ, 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవిలోనూ ఆ తర్వాత కడియం నర్సరీల వైపునా చిరుత కనిపించినప్పుడూ పాడి రైతులు ఎంత కలత పడ్డారో మనం చూశాం. సాకిన పెయ్య ఒక్క రాత్రిలో పోతే ఆ నష్టం మోసేది రైతు కుటుంబమే. వన్యప్రాణులను కాపాడాలని చెప్పే మాలాంటివారు ఈ సంగతి మరచిపోకూడదు.

అయినా ఆ రెండు పనులూ వద్దని గట్టిగా చెబుతున్నాను. లైను నుంచి నేరుగా తీసిన కరెంటు తెల్లవారుజామున నీరు పెట్టడానికి వచ్చిన కూలీని, మీ గేదెను కూడా చంపుతుంది. విషం కలిపిన మాంసాన్ని ముందుగా తినేవి ఊరకుక్కలు, నక్కలు, గద్దలు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిరుతను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష ఉంటుంది. పట్టి దూరంగా వదిలెయ్యమని అడగడం సహజమే కానీ, మహారాష్ట్రలోని జున్నార్ ప్రాంతంలో అలా తరలించిన తర్వాత మనుషులపై దాడులు పెరిగినట్లు పరిశోధకులు గమనించారు.

మీరు చూసుకోవలసింది దూడలను. చిరుత ఎక్కువగా కుక్కలు, మేకలు, దూడల జోలికి వస్తుంది తప్ప ఎదిగిన గేదెపైకి అరుదుగా వెళుతుంది. అది చెట్లెక్కుతుంది, గోడలు దూకుతుంది కనుక పైకప్పు లేని దడి ఎంత ఎత్తున్నా చాలదు. చీకటి పడకముందే దూడలను నాలుగు వైపులా గట్టి ఇనుప వల, పైన కప్పు, గడియపడే తలుపు ఉన్న గదిలోకి తోలండి. మకాం చుట్టూ తుప్పలు కొట్టించి, చచ్చిన కోళ్లను, పశువులను ఆరుబయట పడవెయ్యకుండా లోతుగా పూడ్చండి, ఎందుకంటే ఆ వాసనకు కుక్కలు, కుక్కల కోసం చిరుత వస్తాయి. కాపలాకని కుక్కను బయట కట్టెయ్యడం కూడా మంచిది కాదు.

ఒకవేళ దూడ చనిపోతే వెంటనే చిరుత పనే అనుకోకండి. ఊరకుక్కల గుంపు చంపిన దూడలు కూడా చాలాసార్లు చిరుత ఖాతాలో పడుతుంటాయి. చిరుత సాధారణంగా గొంతు పట్టి చంపుతుంది, దాని అడుగుల్లో గోళ్ల గుర్తులు పడవు. కుక్కలైతే వెనుక కాళ్లు, పొట్ట చీలుస్తాయి, గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. కళేబరాన్ని కదపకుండా ఫొటోలు తీసి, అటవీ సిబ్బందికీ పశువైద్యునికీ వెంటనే కబురు చెయ్యండి. పంచనామా, పోస్టుమార్టం కాగితాలు లేకపోతే పరిహారం అడగడం కష్టం. బీమా ఉన్న పశువైతే చెవి ట్యాగును కూడా భద్రపరచండి. గాయపడి బతికి ఉంటే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

మకాంలో పడుకునేవారు కూడా ఆరుబయట నేలమీద కాక తలుపున్న గదిలో పడుకోవాలి, రాత్రి బయటికి రావలసి వస్తే టార్చిలైటుతో ఇద్దరు కలిసి రావాలి.