కంభం చెరువు ఒడ్డున టెంట్ వేసేముందు

అక్టోబర్ ఆఖర్లో నెల్లూరు నుంచి కార్లో బయల్దేరి మూడ్రోజులు కొండలవైపు తిరగాలి, ఒక రాత్రి చెరువు ఒడ్డున టెంట్లో పడుకోవాలి, అరకు దాకా పోకుండా మన దగ్గరే ఏమన్నా ఉందా అని కదా అడిగారు. ఉంది, మార్కాపురం వైపు కంభం చెరువు. నాలుగైదేళ్ల కిందట నవంబర్ మొదట్లో నేను, మా బామ్మర్ది, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ పోయొచ్చాం.

ఈ నెలల్లో ఫారిన్ ఫోటోల్లో చూసే ఎర్రాకుల చెట్లు మాత్రం ఆశించొద్దు. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ డిసెంబర్ మధ్యనే పడుద్ది కాబట్టి ఎండలకి మాడిన కొండలన్నీ అప్పుడు పచ్చగా ఉంటాయి, రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు.

మేం ఆత్మకూరు మీదుగా ఉదయగిరి పోయాం. కోట పైకి ఎక్కాలంటే పొద్దున్నే మొదలెట్టండి, మేం పదిన్నరకి మొదలెట్టి సగంలో దిగొచ్చాం. ఒడిశా రాజులు గజపతుల దగ్గర్నుంచి ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్నాడు, చాలా నెలలు ముట్టడి వేసి. కంభం చెరువు కట్టించింది ఆయన్ని పెళ్లాడిన గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెబుతారు. పుట్టింటి కోట లాక్కున్నాయన రాజ్యంలో ఆవిడ చెరువు తవ్వించిందన్నమాట, మాలో ఒకడు దారంతా ఇదే మాట్లాడాడు. మధ్యలో భైరవకోన ఉంది, ఒకే కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమికి తప్ప ఎప్పుడైనా పోండి, ఆ రోజు జనం.

కనిగిరి మీదుగా కంభం చేరేసరికి సాయంత్రం అయిదు. రెండు కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మని ఆపేసిన చెరువు అది, మామూలు ఊరి చెరువు అనుకుని పోతే నోరు తెరుస్తారు. గట్టుమీదంతా రాళ్లున్నాయని మా బామ్మర్ది కారు నీళ్లదాకా దించాడు. నేల చదునుగా, మెత్తగా పరుపులా ఉంది, ఇంతకన్నా ఏం కావాలి అని టెంట్ వేశాం, మేకులు సుత్తితో పన్లేకుండా చేత్తో నొక్కితేనే దిగిపోతన్నాయి, అది చూసైనా మాకు బుద్ధి రాలా. మూడు రాళ్లు పెట్టి కోడికూర ఎక్కించాక గొర్రెలు తోలుకుంటా ఒక పెద్దాయన వచ్చి "ఏం నాయనా, చెరువులో పడుకుంటారా?" అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలా. నల్లమల వైపు మబ్బు చూపించి, అక్కడ కురిస్తే ఇక్కడ చుక్క పడకపోయినా రాత్రికి రాత్రి నీళ్లొస్తాయి, ఇది ఒడ్డు కాదు, నీళ్లు తీసిన చోటు అన్నాడు. సగం ఉడికిన కూర గిన్నెతో సహా మోసుకుని గట్టెక్కి ఆయన కందిచేను పక్కన ఖాళీలో టెంట్ వేసుకున్నాం. డబ్బులిస్తే తీసుకోలా. కూర తిని ఉప్పు తక్కువైందన్నాడు.

తెల్లారి చూస్తే మా పొయ్యి రాళ్లలో ఒకటే పైకి కనపడతా ఉంది, దానిమీద ఒక తెల్లకొంగ.

అందుకని ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి చూడండి, నీళ్లు అంతవరకు వచ్చి పోయాయని లెక్క, దానికి బాగా పైన పడుకోండి. చేను ఎవరిదో అడిగి వేసుకోండి, కట్ట మీద మాత్రం వద్దు.

మర్నాడు మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. అది టైగర్ రిజర్వ్, లోపల టెంట్ ఆలోచనే పెట్టుకోవద్దు, కావాలంటే తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఉంది. ఘాట్ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, కార్తీక సోమవారం గుడి దగ్గర పార్కింగ్ కూడా దొరకదు.

తుఫాను వార్తలు చూసుకునే బయల్దేరండి. 2023 డిసెంబర్లో మళ్లీ పోదామని సామాన్లు సర్దుకున్నాం, 5వ తేదీ మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ టెంట్ ఇప్పటికీ అటక మీదే ఉంది. చిన్నపిల్లలుంటే మార్కాపురంలో రూమ్ తీసుకుని చెరువు దగ్గరికి పొద్దున్నే పోయి రండి.