కొత్త ఆల్బమ్ చప్పగా వినిపిస్తోందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: శుక్రవారం వస్తే చాలు, ఆల్బమ్‌లు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. అన్నీ వినే తీరిక లేదు. వినదగ్గది ఏదో తేల్చుకోవడం ఎలా?

జవాబు: అన్నీ శుక్రవారమే రావడం యాదృచ్ఛికం కాదు. ఒకప్పుడు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం, జర్మనీలో శుక్రవారం విడుదలయ్యేవి. 2015 జులై 10 నుంచి రికార్డింగ్ పరిశ్రమ ప్రపంచమంతటికీ శుక్రవారాన్నే ఖాయం చేసింది. ఆ రోజు వినిపించే మోతలో సగం ప్రచారమే కాబట్టి వారం ఆగి విన్నా పోయేదేమీ లేదు.

ముందుగా వదిలే రెండు మూడు సింగిల్స్‌ని బట్టి ఆల్బమ్‌ని అంచనా కట్టకండి. అవి కంపెనీ ఏరి కోరి ముందు పెట్టిన పాటలు. పన్నెండు పాటలుంటే మొదటిది, ఏడోదో ఎనిమిదోదో ఒకటి, చివరిది మాత్రం ఆసాంతం వినండి. సరుకు తక్కువైన చోట జనం గమనించరులే అని నింపుడు పాటల్ని ఆ ఏడు, ఎనిమిది స్థానాల్లోనే సర్దుతుంటారు.

తొలి అరనిమిషం విని తీర్పు చెప్పడమూ పొరపాటే. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. అందుకని ఆకట్టుకునే ముక్కని మొదట్లోనే పెట్టే అలవాటు పెరిగింది. పాట సత్తా తెలిసేది పల్లవి రెండోసారి వచ్చినప్పుడు. కొత్త వాద్యం చేరిందా, వెనక గొంతులు పెరిగాయా, డ్రమ్ నడక మారిందా? లేక మొదటి పల్లవినే కాపీ చేసి అతికించారా? ఈ ఒక్కచోట చెవి పెడితే చాలు, ఎంత శ్రద్ధగా చేశారో తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకెంతో ఇష్టమైన బృందం కొత్త ఆల్బమ్ వచ్చింది. పాటలు బాగున్నాయంటున్నారు గానీ నాకు మాత్రం పాతదాని పక్కన నీరసంగా వినిపిస్తోంది. లోపం పాటల్లోనా, నా ఫోన్‌లోనా?

జవాబు: రెంటిలోనూ కాకపోవచ్చు. మొదట చూడాల్సింది మీరు వింటున్నది ఏ మిక్స్ (గొంతునీ వాద్యాలనీ కలిపిన తీరు) అన్నది. యాప్ సెట్టింగుల్లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు వినిపించే పద్ధతి) ఆన్‌లో ఉంటే, స్టీరియోకి బదులు ఆ మిక్స్ మోగుతుంది. అట్మాస్ మిక్స్‌కి నిర్దేశించిన శబ్ద స్థాయి –18 ఎల్‌యూఎఫ్‌ఎస్ మించకూడదు. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే చెవికి తోచే సగటు బిగ్గరతనానికి కొలత; అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ పాట బిగ్గర. స్టీరియో పాటలు దీనికంటే చాలా బిగ్గరగా ఉంటాయి. పైగా అట్మాస్‌లో గొంతు కాస్త వెనక్కి, వాద్యాలు పక్కలకి జరుగుతాయి. దాన్ని ఆఫ్ చేసి అదే పాట మళ్లీ వినండి. చాలామంది ఫిర్యాదు ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే మాస్టరింగ్ (విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి తీర్చిదిద్దడం) సంగతి చూడాలి. పక్క పాటకంటే బిగ్గరగా వినిపించాలన్న పోటీలో మెల్లని భాగాల్నీ పెద్ద దెబ్బల్నీ ఒకే ఎత్తుకి నొక్కేస్తారు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని –14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెస్తుంది; దీన్నే నార్మలైజేషన్ అంటారు. అంటే –8 దగ్గర మాస్టర్ చేసిన పాటని 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది. బిగ్గరతనం పోయింది, నొక్కుడు మాత్రం మిగిలింది. డ్రమ్ దెబ్బ ‘ఠప్’ మనాల్సింది ‘టుప్’ మంటుంది. ఈ నొక్కుడుకి పేరుమోసిన ఉదాహరణ మెటల్ బృందం మెటాలికా 2008లో తెచ్చిన ‘డెత్ మాగ్నెటిక్’. అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంతగా నొక్కకుండా రావడంతో, సీడీ కన్నా ఆటలోనే బాగున్నాయని అభిమానులే గోల చేశారు.

పాతదీ కొత్తదీ పోల్చేటప్పుడు ఈక్వలైజర్ ఆపేయండి. నార్మలైజేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా ఆ పాటే మెరుగనిపించడం చెవి బలహీనత. సమాన స్థాయిలో విన్నాక కూడా నీరసంగానే ఉంటే, అప్పుడు నిందించండి బృందాన్ని.

ప్రశ్న: ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారే ఆల్బమ్ అని చదివాను. నాకు మధ్యలో తెగిపోతోంది. చివర్లో ఎవరివో పాటలు వస్తున్నాయి.

జవాబు: మూడు మీటలు చూడండి. షఫుల్ ఆఫ్, క్రాస్‌ఫేడ్ సున్నా, ఆటోప్లే (ఆల్బమ్ అయ్యాక వేరే పాటలు తనంతట పెట్టేది) ఆఫ్. క్రాస్‌ఫేడ్ 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. విందులో పాటల వరసకి అది బాగుంటుంది గానీ, ఆల్బమ్‌లో పాట తోకనీ తర్వాతి పాట తలనీ కలగాపులగం చేస్తుంది. పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ అన్నది మాత్రం ఆన్‌లో ఉండాలి. షఫుల్ గొడవ కళాకారులకీ ఉంది: 2021 నవంబరులో గాయని అడెల్ అడిగిందని స్పాటిఫై డబ్బు కట్టేవారికి ఆల్బమ్ పేజీలో షఫుల్‌ని ముందు వరస నుంచి తప్పించింది.

వరసగా వింటే ఇంకో లాభముంది. అప్పుడు స్పాటిఫై ఆల్బమ్ మొత్తానికీ ఒకే సర్దుబాటు చేస్తుంది కాబట్టి మెల్లని పాట మెల్లగానే ఉంటుంది. షఫుల్‌లో అయితే పాటకో సర్దుబాటు. గుసగుసలా పాడిన పాట కూడా మీద పడ్డట్టు వస్తుంది.

ప్రశ్న: నెల తిరక్కుండానే ‘డీలక్స్’ వస్తోంది. ఏది వినాలి? వినైల్ (గ్రామఫోన్ రికార్డు) మీద కొనడం మేలా?

జవాబు: ముందు అసలుది. ముగింపు పాట తర్వాత నాలుగైదు అదనపు పాటలు తగిలిస్తే ఆ ముగింపు దెబ్బతింటుంది. అదనపు పాటల్ని ఇంకో రోజు విడిగా వినండి.

నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్‌కి ఒక్కో వైపు దాదాపు 22 నిమిషాలు హాయిగా పడతాయి. అంతకు మించితే గాడులు ఇరుకై శబ్దం తగ్గుతుంది, బేస్ కోయాల్సి వస్తుంది. కాబట్టి గంట నిడివి ఆల్బమ్ ఒకే డిస్క్ మీద ఉందంటే అనుమానించండి. రెండు డిస్కులైతే నయం. ప్రతి వైపూ చివరి పాటలో ‘స’, ‘ష’ అక్షరాలు గరగరలాడితే డిస్క్ పాడైందని కంగారుపడకండి. లోపలి గాడులు చుట్టుకొలతలో చిన్నవి, సన్నని ధ్వనులు అక్కడ ఇరుక్కుంటాయి. అయితే ముల్లు అమరిక ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: లాస్‌లెస్ ఆన్ చేశాను, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో తేడా తెలియడం లేదు.

జవాబు: తెలియదు. లాస్‌లెస్ అంటే శబ్దంలో ఏదీ పోకుండా పంపే ఫైలు. సీడీ నాణ్యతకి సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. ఎల్‌డాక్ అనే మంచి బ్లూటూత్ పద్ధతి కూడా గరిష్ఠంగా 990 దాకానే మోస్తుంది, కాబట్టి మామూలుగా దారిలో కుదింపు జరిగి కొంత పోతుంది. తేడా కావాలంటే వైరు పెట్టండి. దానికంటే ముందు బడ్స్‌తో ఇచ్చిన మూడు సైజుల రబ్బరు టిప్పులూ మార్చి చూడండి. చెవిలో బిగుతుగా కూర్చోకపోతే బేస్ మొత్తం బయటికి పోతుంది, ఏ ఫైలు పెట్టినా తిరిగి రాదు.