పాప్‌కార్న్ మంచిదే... మూడేళ్ల పాపకు మాత్రం వద్దు

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు మూడేళ్లు. చిప్స్ మాన్పించడానికి సాయంత్రాలు ఇంట్లోనే పాప్‌కార్న్ చేద్దామనుకుంటున్నాను. బాబేమో బటర్, కారమెల్ ఫ్లేవర్లయితేనే తింటానంటున్నాడు. మావారికి బీపీ ఉంది. అందరూ తినొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాప సంగతి. నాలుగేళ్లు నిండేదాకా తనకు పాప్‌కార్న్ పెట్టకండి. తేలిగ్గా ఉంటుంది కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఆ వయసు పిల్లలకు గట్టి వాటిని బాగా నమిలి మింగడం ఇంకా సరిగా రాదు. నవ్వుతూనో పరుగెత్తుతూనో తింటే ముక్క శ్వాసనాళంలోకి జారిపోవచ్చు. అన్నయ్య గిన్నెలో చెయ్యి పెట్టకుండా ఆపడం కష్టమని నాకూ తెలుసు. కొన్నాళ్లు పాప పడుకున్నాక తినమనండి. ఎప్పుడైనా పొరపాటున తిని పొలమారి, ఆ తర్వాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే జలుబే అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

మిగతా ఇద్దరూ హాయిగా తినొచ్చు. పాప్‌కార్న్ పొట్టుతో సహా తినే ముడిధాన్యం, పీచు బాగానే ఉంటుంది. నూనె లేకుండా పేలిస్తే ఒక కప్పుకు దాదాపు 30 క్యాలరీలే. అదే ఒక టేబుల్ స్పూన్ బటర్ కలిపితే ఇంకో 100 చేరతాయి. అంటే మూడు కప్పుల పాప్‌కార్న్‌కు ఉన్నంత!

మీవారి విషయంలో చూసుకోవాల్సింది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూన్ దాటకూడదు. చిక్కేమిటంటే, పొడి పాప్‌కార్న్‌కు ఉప్పు అంటుకోదు, అంతా గిన్నె అడుగుకు చేరుతుంది. రుచి తగల్లేదని మళ్లీ చల్లుతాం. ఉప్పును మిక్సీలో మెత్తటి పొడిలా చేసి, పాప్‌కార్న్ వేడిగా ఉండగానే చల్లి చూడండి. చిటికెడుతోనే సరిపోతుంది. మిరియాల పొడి, కారం, వెల్లుల్లి పొడి కలిపితే ఉప్పు తగ్గిందన్న సంగతే తెలియదు. చీజ్ తురుము వేస్తే ఇక ఉప్పు అక్కర్లేదు, అందులోనే ఉంటుంది. రెడీమేడ్ మసాలా పొడులు కొంటే లేబుల్ మీద సోడియం ఎంతుందో చూడండి.

మందపాటి గిన్నెలో టీస్పూన్ నూనె, రెండు టేబుల్ స్పూన్ల గింజలు చాలు. గింజలో ఉన్న కాస్త తేమ ఆవిరై లోపల ఒత్తిడి పెరిగితేనే అది పేలుతుంది. మూత కొద్దిగా వారగా పెడితే ఆ ఆవిరి బయటికి పోయి కరకరలాడతాయి. చప్పుళ్ల మధ్య రెండు మూడు సెకన్ల వ్యవధి వస్తే స్టవ్ ఆపేయండి. పేలని గింజలు ఏరేయండి, కొరికితే పన్ను విరిగే ప్రమాదముంది.

కారమెల్ అంటే పాకం పట్టిన చక్కెరే. అది ఎప్పుడో ఒకసారికి ఉంచి, మామూలు రోజుల్లో దాల్చినచెక్క పొడి, అర టీస్పూన్ చక్కెర పొడి చల్లండి. బాబు మొదట మొహం చిట్లిస్తాడు. బటర్ ఒక్కసారిగా మానేయకుండా వారం వారం తగ్గిస్తూ రండి.

ఇంకో మాట. బీపీకి మంచిదని 'లో సోడియం' ఉప్పు కొనేముందు మీవారి డాక్టర్‌ను అడగండి. అందులో సాధారణంగా పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా అది పడదు.