చదివే వేగం, అర్థమయ్యే తీరు: ప్రూఫులు దిద్దిన అనుభవం నుంచి

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు తోటివారికంటే నెమ్మదిగా చదువుతారు; వేగం పెంచుకుంటే ఏకాగ్రత కుదిరి విషయం బాగా తలకెక్కుతుందని ఒకరు, నిదానంగా చదివినదే మనసులో నిలుస్తుందని మరొకరు మీకు చెప్పారు; ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? పదిహేనేళ్ళపాటు ప్రూఫులు దిద్దిన పనిలోనూ, చదువులో వెనకబడిన పిల్లలకు సాయంత్రాలు చదవడం నేర్పిన కాలంలోనూ నేను ఈ ప్రశ్న గురించే ఆలోచిస్తూ వచ్చాను. నా అభిప్రాయంలో వారిద్దరూ వేగాన్ని కారణంగా చూస్తున్నారు. చాలా సందర్భాల్లో అది ఫలితం మాత్రమే.

ముందుగా నిదానం సంగతి చెబుతాను. ప్రూఫులు దిద్దేవారికంటే నెమ్మదిగా చదివే పాఠకులను నేను చూడలేదు. ఒత్తు ఉందా, దీర్ఘం పడిందా, కామా ఉండవలసిన చోట ఉందా అని ప్రతి అక్షరం దగ్గరా ఆగుతాము. పనిలో చేరిన తొలి సంవత్సరం ఒక ఆర్థికశాస్త్ర గ్రంథాన్ని మొదటినుంచి చివరివరకు మూడుసార్లు దిద్దాను. అంతా అయ్యాక ఆ రచయిత మూడో అధ్యాయంలోని వాదన స్పష్టంగా ఉందా అని ఎంతో ఆశగా అడిగారు. అంత శ్రద్ధగా చదివిన నేను ఆ అధ్యాయం దేని గురించో కూడా సరిగా చెప్పలేకపోయాను. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. దీనికి తిరగేసిన అనుభవం కూడా తరచుగా ఎదురయ్యేది: విషయంలో లీనమై చదివిన పేజీల్లో అచ్చుతప్పులు కంటికి కనబడకుండా జారిపోయేవి, ఎందుకంటే అక్కడ ఉండవలసిన మాటను మనసే పూరించుకుని ముందుకు సాగిపోయేది. నెమ్మదిగా చదివినంతమాత్రాన అర్థం దానంతటదే రాదని, చదువుతున్నప్పుడు ధ్యాస అక్షరం మీద ఉందా, అర్థం మీద ఉందా అన్నదే ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది.

ఇక వేగం. చదివేటప్పుడు మన కళ్ళు వరుస వెంబడి నున్నగా జరుగుతూ పోవు. ఒక్కొక్క చోట ఇంచుమించు పావు సెకను నిలిచి, తరువాతి చోటికి గెంతుతాయి. అలా గెంతే క్షణంలో కన్ను కొత్తగా ఏమీ గ్రహించదు. చూపు మధ్యలో అతి చిన్న భాగం మాత్రమే అక్షరాన్ని స్పష్టంగా పట్టుకోగలదు కనుక, ఒక్క చూపులో పేజీ మొత్తాన్ని చదవడం కంటి నిర్మాణానికే సాధ్యం కాదు. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 2019లో 190 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, ఇంగ్లీషులో మనసులో చదువుకునే పెద్దవారి సగటు వేగం సాధారణ వ్యాసాలకు నిమిషానికి 238 మాటలు, కథలకు 260 మాటలుగా తేలింది. ఈ అంకెలను తెలుగు చదువుకు అలాగే వర్తింపజేసి దిగులుపడకండి. ‘చదవలేకపోయానన్నాడు’ అన్న మన ఒక్క మాటలో ఇంగ్లీషువారి అరడజను మాటలు ఇమిడి ఉన్నాయి.

నిమిషానికి వేల మాటలు చదివిస్తామన్న శిక్షణలు 1959లో ఎవెలిన్ వుడ్ అమెరికాలో ప్రారంభించిన తరగతులతో ప్రచారంలోకి వచ్చాయి. అటువంటి శిక్షణ ఒకదానిలో నేనూ రెండు నెలలు గడిపాను. లోపల వినిపించే గొంతును అణచివేయమని, ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి చూడవద్దని నేర్పారు. చివరి పరీక్షలో నా వేగం మూడింతలైంది, ప్రశ్నలకు కూడా చాలావరకు సరిగానే జవాబులు రాశాను, అందుకు ఎంతో సంతోషించాను. అయితే ఇంటికి వచ్చి ఆ ప్రశ్నలను తీరికగా చూసుకుంటే, అందులో సగానికి పైగా ఆ వ్యాసం చదవకుండానే చెప్పగలిగినవని తెలిసింది. నాకు ఏమాత్రం పరిచయం లేని న్యాయశాస్త్ర వ్యాసం ఒకటి తీసుకుని అదే పద్ధతిలో చదివితే, పేజీలు తిరిగాయి గానీ ఒక్క వాదన కూడా చేతికి చిక్కలేదు. మార్సెల్ జస్ట్, పెట్రీషియా కార్పెంటర్ అనే పరిశోధకులు 1980లలో ఇటువంటి శిక్షణ పొందినవారిని మామూలు పాఠకులతో పోల్చినప్పుడు కూడా, మామూలుగా చదివినవారే ఎక్కువ గ్రహించారు. శిక్షణ పొందినవారి తీరు పైపైన చూసుకుంటూ పోయేవారి తీరుకు దగ్గరగా ఉంది. వెనక్కి చూడడం కూడా లోపమేమీ కాదు. 2014లో జరిగిన ఒక ప్రయోగంలో, కన్ను దాటిపోయిన మాటలను మళ్ళీ చూడడానికి వీలు లేకుండా కప్పివేస్తే, చదువరుల అవగాహన తగ్గిపోయింది.

అందరికీ ఇదే వర్తిస్తుందా అంటే, వర్తించదు. నేను చదువు చెప్పిన పిల్లల్లో ఒక అబ్బాయి ప్రతి మాటనూ కూడబలుక్కుని చదివేవాడు. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోయేవాడు. అదే వాక్యాన్ని నేను చదివి వినిపిస్తే వెంటనే గ్రహించి, తిరిగి నన్నే ప్రశ్నలు అడిగేవాడు. అతని ధ్యాసంతా అక్షరాలను గుర్తుపట్టడానికే ఖర్చయిపోతోంది, అర్థానికి ఏమీ మిగలడం లేదు. లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లో చెప్పిన సిద్ధాంతం సారాంశం ఇదే. అటువంటి పాఠకునికి వేగం పెరిగితే అవగాహన నిజంగానే పెరుగుతుంది, కానీ ఆ వేగం గడియారం ముందు పెట్టి తొందరపెట్టడం వల్ల రాదు. ఇష్టమైన చిన్న పాఠాన్ని నాలుగైదు సార్లు చదివించడం వల్ల, మాటలు చూడగానే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడినప్పుడు వస్తుంది. అతనికి ఏడు నెలలు పట్టింది.

అదే గదిలో ఒక అమ్మాయి గడగడా, ఒక్క తప్పు లేకుండా చదివేసేది. ఆమెకు ఏ సమస్యా లేదని నేను చాలాకాలం పొరబడ్డాను. చదివినది సొంత మాటల్లో చెప్పమంటే మౌనంగా ఉండిపోయేది. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించినట్లు, చదివి గ్రహించే శక్తి రెండింటిని గుణిస్తే వచ్చే లబ్ధం: అక్షరాన్ని మాటగా పోల్చుకోవడం, విన్న భాషను అర్థం చేసుకోవడం. వాటిలో ఏ ఒక్కటి సున్నా అయినా లబ్ధం సున్నాయే. ఆ అమ్మాయికి కావలసినది వేగం కాదు, కొత్త మాటలూ, సంభాషణా, విషయజ్ఞానమూ.

విషయజ్ఞానం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని బలాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన భాగాన్ని చదవడానికి ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకంటే బాగా అర్థం చేసుకుని చెప్పగలిగారు. నేను కూడా పరిచయమున్న రంగంలో పుస్తకాన్ని ఒక్క పూటలో ముగిస్తాను; తెలియని రంగంలో ఒక్క అధ్యాయానికి రెండు రోజులు పడుతుంది. చదివే మనిషి నేనే, కళ్ళూ అవే.

కాబట్టి మీ నిదానానికి మూలం ఎక్కడుందో మీరే పరీక్షించుకోవచ్చు. మీకు బాగా తెలిసిన విషయం మీద ఒక పేజీ, ఏమీ తెలియని విషయం మీద ఒక పేజీ తీసుకుని, పట్టిన సమయం రాసుకుని, పుస్తకం మూసి ఏం అర్థమైందో రాయండి. తరువాత అటువంటి ఇంకొక పేజీని ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. తెలిసిన విషయం కూడా చదవడానికి కష్టమై, వింటే మాత్రం సులభంగా అర్థమైతే, మాటలను గుర్తుపట్టే దశలో ఇబ్బంది ఉందని అనుకోవచ్చు. అది చిన్ననాటినుంచీ ఉంటే, డిస్లెక్సియా (తెలివితేటలు ఉన్నా మాటలను గుర్తుపట్టి చదవడం కష్టమయ్యే స్థితి) గురించి నిపుణులను సంప్రదించడం అవసరం. అటువంటివారిలో ఎంతోమంది తగినంత సమయం ఇస్తే ఎంత లోతైన విషయాన్నైనా గ్రహిస్తారు. తెలియని విషయం దగ్గర మాత్రమే నెమ్మదిస్తే, మీ చదువు సక్రమంగానే సాగుతోంది. రెండు పేజీలకూ ఎక్కువ సమయం పట్టినా, మూసిన తరువాత సారాంశం తడుముకోకుండా రాయగలిగితే, వేగం కోసం ఏ శిక్షణకూ డబ్బు కట్టవలసిన అవసరం లేదు.