తలుపు వేసుకుని ఎవరితో మాట్లాడుతోంది అనుకుంటారేమో!

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. విజయవాడలో ఉంటాం. ఇంటి నుంచే ఒక కంపెనీకి అకౌంట్లు రాస్తాను. ఎనిమిది నెలల క్రితం మా నాన్న పోయారు. అప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. బాబు గ్లాసెడు నీళ్లు ఒలకబోసినా కసురుకుంటాను, తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తాను. స్నేహితురాలు చెబితే హైదరాబాద్‌లో ఉండే ఒక సైకాలజిస్ట్‌తో వీడియో కాల్‌లో మాట్లాడటానికి వచ్చే గురువారం సాయంత్రం టైము తీసుకున్నాను. డబ్బు కూడా కట్టేశాను. మావారికి తెలుసు, అత్తగారికి చెప్పలేదు. మాది రెండు గదుల ఇల్లు. సైకాలజిస్ట్ ఏమడుగుతారు? మధ్యలో ఏడ్చేస్తే ఎలా? మందులు రాస్తారా? నేను చెప్పినవి బయటికి పొక్కవు కదా? అసలు ఫోనులో చూసి మనిషి మనసు ఎలా తెలుసుకుంటారు?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికన్నా ‘మాది రెండు గదుల ఇల్లు’ అన్న మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కు మన ఇళ్లలో ముందుగా అడ్డొచ్చేది గోడ. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే సైకాలజిస్ట్ మాటలు బయటికి వినిపించవు కానీ మీ మాటలు వినిపిస్తాయి. అత్తగారు వింటారేమోనన్న భయంతో కూర్చుంటే కట్టిన డబ్బంతా ‘పరవాలేదండీ’, ‘అంతేనండీ’ అనడానికే సరిపోతుంది.

కాబట్టి గురువారం లోపు చేయాల్సిన మొదటి పని చోటు వెతుక్కోవడం. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకున్నవాళ్లు ఉన్నారు. అపార్ట్‌మెంటు కింద ఆగి ఉన్న కారులో కూర్చుని మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఎండ లేకపోతే కారు మంచి గది. మీ వారికి తెలుసు కనుక ఆ గంట అమ్మనూ బాబునూ గుడికో పార్కుకో తీసుకెళ్లమనండి. ఏదీ కుదరకపోతే తలుపు బయట టీవీ కాస్త గట్టిగా మోగనివ్వండి. ఫోనును చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించి పెట్టండి. మధ్యలో ఎవరైనా వస్తే ఏమి చేయాలో సైకాలజిస్ట్‌తో ముందే అనుకోండి: మీరు ‘రేపు ఫైలు పంపిస్తాను’ అంటే విషయం మార్చాలని అర్థం. ఇలాంటి ఏర్పాటు ఆవిడకు కొత్తేమీ కాదు.

అత్తగారికి చెప్పాలా అంటే, ఇప్పుడే అక్కర్లేదు. అడిగితే మాత్రం కట్టుకథ చెప్పకండి. ‘నిద్ర పట్టడం లేదత్తయ్యా, అందుకు ఒకరిని సంప్రదిస్తున్నాను’ అంటే చాలు, అది నిజం కూడా.

ఇక మొదటి రోజు సంగతి. సగం సమయం ఆసుపత్రిలో కొత్త చీటీ రాయించుకున్నట్టే గడుస్తుంది. సమ్మతి పత్రం, దగ్గరివాళ్లలో ఒకరి ఫోను నంబరు, ఆ సమయంలో మీరు కూర్చున్న చిరునామా అడుగుతారు. చిరునామా ఎందుకని కంగారు పడకండి. మీకు అపాయం ఉందనిపిస్తే సాయం ఎక్కడికి పంపాలో దూరాన ఉన్నవాళ్లకు తెలియాలి కదా. నిద్ర, ఆకలి, పని, ఇంట్లో ఎవరెవరు, ఇంతకుముందు వచ్చిన జబ్బులు, థైరాయిడ్ పరీక్ష చేయించారా అన్నవి వస్తాయి. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపమనవచ్చు. ‘బతకాలని లేదనిపించిందా’ అని కూడా సూటిగా అడుగుతారు. మీ మీద అనుమానంతో కాదు, అందరినీ అడగాల్సిన ప్రశ్న అది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఏడుపు వస్తే రానివ్వండి. ఆవిడ మీ కోసం ఆగుతారు. అయితే వీడియోలో మౌనం నెట్ ఆగిపోయినట్టు ఉంటుంది. అనుమానం వస్తే ‘వినిపిస్తోందా’ అని అడిగేయండి. ఆవిడ మీ కళ్లలోకి కాకుండా కిందికి చూస్తున్నట్టు అనిపిస్తే, కెమెరా పైన, మీ బొమ్మ కింద ఉండటమే కారణం. మీ ముఖం మీకు కనిపించే చిన్న పెట్టెను మూసేయండి. ఏడుస్తూ తనను తాను చూసుకుంటూ ఎవరు మాట్లాడగలరు? ఇక ఫోనులో మనసు ఎలా తెలుస్తుందన్నారు. కొంత తప్పిపోతుంది, నిజమే. కాలు ఆడించడం, చీర కొంగు నలపడం తెర మీదికి రావు. మిగతాదంతా మాటలోనే ఉంటుంది కనుక తెలుగులో మాట్లాడతారో లేదో ముందే అడగండి. నాన్న గురించి ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే సగం అక్కడే ఆగిపోతుంది.

సైకాలజిస్టులు మందులు రాయరు. అది సైకియాట్రిస్ట్, అంటే మానసిక వైద్యుల పని. అవసరమనిపిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లమంటారు. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు కొన్ని వారాల కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు కనుక ఆవిడ చదువు అడగడంలో మొహమాటం వద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో నమోదు నంబరు ఉంటుంది.

చెప్పినవి బయటికి పోకూడదన్నది మీ హక్కు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. మీ వారు ఫోను చేసి అడిగినా చెప్పకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకో మరొకరికో ప్రాణాపాయం ఉన్నప్పుడు, న్యాయస్థానం అడిగినప్పుడు చెప్పాల్సి రావచ్చు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. కాల్ రికార్డు చేస్తారా అని మొదటి రోజే అడగండి.

మొదటి కాల్ అయ్యాక తేలిక పడతారని నేను మాట ఇవ్వను. కొందరికి ఆ రాత్రి బరువు ఇంకా పెరుగుతుంది. ఫోను పెట్టేసి నేరుగా వంటింట్లోకి వెళ్లకండి. పావుగంట మాట్లాడిన చోటే ఉండండి. మూడు నాలుగుసార్లు మాట్లాడాక ఆవిడ మీకు సరిపడతారో లేదో తెలుస్తుంది. ‘ఆడపిల్ల సర్దుకుపోవాలి’ వంటి మాటలు వినిపిస్తే మాత్రం రెండోసారికి కూడా వెళ్లక్కర్లేదు, మనిషిని మార్చండి.

చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే గురువారం దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. రాత్రి రెండింటికైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అంతటి పరిస్థితిలో, అలాగే ఇంట్లో కొట్టేవాళ్లు ఉండి ఫోను కూడా తనిఖీ చేస్తుంటే, వీడియో కాల్‌ను నమ్ముకోకుండా మనిషి దగ్గరికి వెళ్లాలి. మీ ఉత్తరంలో అలాంటిదేదీ కనిపించలేదు. నాకు కనిపించింది ఇంకొకటి. పెళ్లయిన కూతురికి తండ్రి పోతే మూడు రోజుల మైల అంటారు. మాసికాలు కొడుకులు పెడతారు. నాలుగో రోజు నుంచి కూతురు అత్తవారింట్లో కాఫీ కలపాలి, ఆఫీసు పని అందుకోవాలి. మీకు ఏడ్చే చోటు బాత్రూం ఒక్కటే మిగిలింది. గురువారం ఆవిడ ‘ఏమిటి ఇబ్బంది’ అని అడిగితే నిద్ర దగ్గర మొదలుపెట్టినా, ఈ బాత్రూం సంగతి దాచకండి. ఇంకో నాలుగు నెలల్లో సంవత్సరీకం వస్తుందని కూడా చెప్పండి.