కమాండర్‌లో సోల్ రింగ్‌ను తీసేయాలా, ఉంచాలా?

మీ బృందం ఆడే మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటలో ఒకరు మొదటి వంతులోనే సోల్ రింగ్ అనే కార్డు వేసి ఆటను లాగేసుకుంటున్నారని రాశారు. ఇద్దరు దాన్ని మీ వరకు నిషేధించుకుందామంటున్నారు. మిగిలినవారు "అందరి డెక్‌లోనూ ఉంది కదా, ఇందులో అన్యాయం ఏముంది?" అంటున్నారు. ఆడేవాళ్ల అనుభవం ఏమిటన్నది మీ ప్రశ్న.

ఈ ఆటలో కమాండర్ పద్ధతి, అంటే ప్రతి ఒక్కరూ 'కమాండర్' అనే ముఖ్య పాత్ర కార్డు చుట్టూ డెక్ కట్టుకుని సాధారణంగా నలుగురు కూర్చుని ఆడే పద్ధతి, నేను చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. సోల్ రింగ్ అందరూ వాడే బృందంతోనూ ఆడాను, ఒప్పందం చేసుకుని దాన్ని పక్కన పెట్టిన బృందంతోనూ ఆడాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తమ డెక్‌ను తామే కార్డు కార్డుగా ఎంచి కట్టుకునేవాళ్లు మాత్రమే కూర్చునే బల్ల అయితే తీసేయండి. కొత్తవాళ్లు వచ్చిపోయే బల్ల అయితే ఉంచండి. కార్డు బలం గురించి నాకు సందేహం లేదు, అది మితిమీరిన బలమే. కాకపోతే ఈ నిర్ణయం బలాన్ని బట్టి తీసుకోవలసింది కాదు.

ముందు కార్డు సంగతి. 1993లో వచ్చిన తొలి సెట్ ఆల్ఫా నుంచీ ఉన్న ఆర్టిఫాక్ట్ (వస్తువు రకపు కార్డు) ఇది. వేయడానికి ఒక మనా (కార్డులు వేయడానికి ఖర్చు పెట్టే, రంగులవారీగా ఉండే శక్తి) చాలు. ట్యాప్ చేస్తే, అంటే వాడినట్టు గుర్తుగా పక్కకు తిప్పితే, రెండు రంగులేని మనా ఇస్తుంది. ఇంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ లేదు. పాత ముద్రణల్లో గుండ్రని గుర్తులో 2 అంకె ఉంటుంది, 2016 తర్వాతి ముద్రణల్లో రెండు వజ్రపు గుర్తులు ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లు ఇవి రెండు వేర్వేరు కార్డులేమో అనుకుంటారు గానీ, పని ఒక్కటే.

మామూలు మనా రాక్‌ల (మనా ఇచ్చే ఆర్టిఫాక్ట్‌ల) లెక్క ఇలా ఉంటుంది: రెండు మనా పెడితే, వంతుకు ఒకటి చొప్పున తిరిగి వస్తుంది. మైండ్ స్టోన్ అంతే, ఆర్కేన్ సిగ్నెట్ అంతే. ఈ వంతులో కాస్త వెనకబడి, వచ్చే వంతుల్లో ముందుకు వెళ్తాం. అది సరసమైన బేరం. సోల్ రింగ్‌లో ఆ వెనకబడటమే లేదు. ఒకటి పెట్టిన వంతులోనే రెండు చేతికొస్తాయి. మొదటి వంతులో ల్యాండ్ (వంతుకు ఒకటి చొప్పున వేసుకునే, మనా ఇచ్చే నేల కార్డు) వేసి, దాంతో సోల్ రింగ్ వేసి, వచ్చిన రెండు మనాతో ఆర్కేన్ సిగ్నెట్ వేశారనుకోండి. రెండో వంతులో రెండు ల్యాండ్‌లు, రింగ్ ఇచ్చే రెండు, సిగ్నెట్ ఇచ్చే ఒకటి కలిపి ఐదు మనా. బల్ల చుట్టూ ఉన్న మిగతా ముగ్గురికి చెరి రెండు. వాళ్లు ఐదో వంతులో చేయవలసిన పనిని ఇతను రెండో వంతులో చేస్తున్నాడు. ఇంకో సూక్ష్మం ఉంది. కమాండర్ చచ్చిన ప్రతిసారీ తిరిగి వేయడానికి రెండు మనా అదనంగా కట్టాలి. ఆ అదనపు సుంకాన్ని రంగులేని మనాతోనైనా కట్టవచ్చు కాబట్టి, మొదటి చావు ఖర్చును సోల్ రింగ్ ఒక్కటే పూర్తిగా భరిస్తుంది. ఈ పద్ధతి కోసమే ఎవరో కొలిచి చేసినట్టు ఉంటుంది గానీ, కమాండర్ అనే పద్ధతి పుట్టడానికి ముందే వచ్చిన కార్డు ఇది.

ఇతర పద్ధతులు దీన్ని ఎప్పుడో కట్టడి చేశాయి. వింటేజ్‌లో డెక్‌కు ఒక్కటే అనుమతి. లెగసీలో పూర్తి నిషేధం.

ఇక "అందరికీ ఉంది కదా" అన్న వాదన. దీన్ని నేను ఎన్నో బల్లల దగ్గర విన్నాను, ఒక్కసారీ ఒప్పుకోలేకపోయాను. డెక్‌లో ఉండటం వేరు, చేతిలో పడటం వేరు. కమాండర్‌లో వంద కార్డులు, కమాండర్‌ను పక్కన పెడితే కలిపే కార్డులు 99, బేసిక్ ల్యాండ్‌లు తప్ప ప్రతి కార్డూ ఒక్కటే. మొదట పంచుకునే ఏడింట్లో సోల్ రింగ్ పడే అవకాశం 99లో 7, అంటే సుమారు 7 శాతం. ఒక్కరి విషయంలో ఇది చాలా తక్కువ. నలుగురిలో కనీసం ఒకరికి పడే అవకాశం లెక్కేస్తే 25 శాతం దాటుతుంది. మొదటి వంతులో తీసుకునే కార్డును కూడా కలుపుకుంటే 28 శాతం పైమాటే. అంటే ఇంచుమించు నాలుగు ఆటల్లో ఒకటి, ఎవరో ఒకరి చేతిలో మొదటి వంతు సోల్ రింగ్‌తో మొదలవుతుంది. నలుగురి డెక్‌లలోనూ ఉన్నా, ఆ రోజు లాభం ఒక్కరికే. నలుగురికీ ఒకేసారి పడితేనే ఆ వాదన నిలుస్తుంది, అది దాదాపు జరగదు.

రంగులేని మనా కాబట్టి అంత పనికిరాదనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. ఖర్చంతా రంగు గుర్తులతో నిండిన కార్డులున్న డెక్‌లో రింగ్ మొదటి వంతులో వచ్చినా, చేతిలో కార్డులు అలాగే ఉండిపోవడం నేను చూశాను. ఒక ఎల్ఫ్‌ల డెక్‌లో సోల్ రింగ్ కన్నా ఆకుపచ్చ మనా ఇచ్చే లానోవార్ ఎల్వ్స్ ఎక్కువ ఉపయోగపడిన సందర్భాలు లేకపోలేదు. అయినా వందకు తొంభై డెక్‌లకు ఈ మినహాయింపు వర్తించదనే నా నమ్మకం.

రెండో వాదన కాస్త తెలివైనది: "మొదటి వంతులో రింగ్ వేసినవాడిని ముగ్గురూ కలిసి కొడతారు, అదే సరిపోతుంది." ఇది నిజంగా జరుగుతుంది. రింగ్ బల్లమీద పడగానే అందరి చూపూ అటు తిరుగుతుంది. కానీ దీని ఫలితం గమనించారా? రింగ్ వేసినవాడు అనుభవజ్ఞుడైతే ఆ ముగ్గురి దాడిని తట్టుకుని గెలుస్తాడు. కొత్తవాడైతే చేతిలో పడిన కార్డు వేసిన పాపానికి అందరికన్నా ముందు ఆట నుంచి బయటికి వెళ్లి, మిగతా గంటన్నర ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. ఒకసారి ఒక కుర్రవాడు తొలిసారి పెట్టె తెరిచి తెచ్చిన డెక్‌తో కూర్చుని, ఎంతో సంబరంగా మొదటి వంతులో రింగ్ వేశాడు. రెండో వంతులో వేయడానికి అతని చేతిలో పనికొచ్చేది ఏదీ లేదు. అయినా ముగ్గురూ అతని మీదే పడ్డారు. ఆట మొదట్లో ఉండే నలభై లైఫ్ (ప్రాణాల లెక్క) ఎంత వేగంగా కరిగిపోతుందో అతనికి ఆ రోజు తెలిసింది. ఆ రోజు అతను చేసిన తప్పేమీ లేదు. ముగ్గురూ కలిసి కొట్టడమే సరిచేస్తుందనేవాళ్లు ఇలాంటివాళ్లను లెక్కలోకి తీసుకోరు.

నియమాల వైపు నుంచి చూస్తే 2024 సెప్టెంబర్ 23 తర్వాత ఈ చర్చ బాగా ముదిరింది. ఆ రోజు ఈ పద్ధతి నియమాలను అప్పట్లో చూసుకున్న కమాండర్ రూల్స్ కమిటీ మనా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, 'నాడు వింగ్డ్ విజ్డమ్' అనే నాలుగు కార్డులను నిషేధించింది. తొలి వంతుల్లోనే ఒకరు అందనంత ముందుకు వెళ్లిపోవడం మనా క్రిప్ట్ మీద ఉన్న ప్రధాన అభియోగం. మనా క్రిప్ట్ ఖర్చు సున్నా, ఇచ్చేది రెండు రంగులేని మనా. సోల్ రింగ్ ఖర్చు ఒకటి, ఇచ్చేది అవే రెండు. మరి ఇదెందుకు మిగిలింది? ఈ పద్ధతి గుర్తింపుతో సోల్ రింగ్ విడదీయరానంతగా పెనవేసుకుపోయిందన్నది కమిటీ సమాధానం. తర్కం ప్రకారం పోవలసిన కార్డే, అనుబంధం వల్ల ఉండిపోయిందని నేరుగా ఒప్పుకున్నట్టే. నాకైతే ఆ నిజాయితీ నచ్చింది. ఆ నిషేధంపై రేగిన దుమారం బెదిరింపుల దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి కమిటీ ఈ పద్ధతి నిర్వహణను ఆట తయారుచేసే సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌కు అప్పగించేసింది.

2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ డెక్‌లను ఐదు అంచెలుగా విభజించి, ఆటను మలుపు తిప్పే కార్డులకు గేమ్ ఛేంజర్స్ అనే జాబితా ఇచ్చింది. మొదటి రెండు అంచెల్లో ఆ జాబితా కార్డులు ఉండకూడదు, మూడో అంచెలో మూడు దాకా ఉండవచ్చు. వేగంగా మనా ఇచ్చే మనా వాల్ట్, క్రోమ్ మాక్స్, ఏన్షియంట్ టూమ్ అందులో ఉన్నాయి. సోల్ రింగ్ లేదు. కారణం అందరికీ తెలిసిందే: 2011లో వచ్చిన తొలి ఐదు కమాండర్ ప్రీకాన్‌ల (ముందే కట్టి పెట్టెలో అమ్మే డెక్‌ల) నుంచి నేటిదాకా దాదాపు ప్రతి పెట్టెలోనూ ఆ కార్డు ఉంది. దాన్ని జాబితాలో పెడితే కంపెనీ అమ్మే పెట్టెలే రెండో అంచె దాటిపోతాయి.

పోటీ స్థాయిలో ఆడేవాళ్లను అడిగితే వాళ్లకు ఇది సమస్యే కాదంటారు. అక్కడ ఫోర్స్ ఆఫ్ విల్ లాంటి, మనా ఖర్చు లేకుండా ఎదుటివాడి కార్డును ఆపే జవాబులు చాలామంది దగ్గర ఉంటాయి. ఆట కూడా మూడు నాలుగు వంతుల్లో తేలిపోవచ్చు. అక్కడ సోల్ రింగ్ పదిమంది వస్తాదుల్లో ఒకడు. మన బల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క వస్తాదు అదే. కాబట్టి వాళ్ల అభిప్రాయాన్ని మీ బృందానికి అన్వయించకండి.

ఇక తీసేశాక ఏం జరిగిందో చెప్తాను, మీకు పనికొచ్చేది ఇదే. మేము తీసేసిన బృందంలో నేను మొదట గమనించిన మార్పు వేగంలో కాదు, చేతి కార్డుల ఎంపికలో. రింగ్ ఉన్న రోజుల్లో ఒక ల్యాండ్, సోల్ రింగ్, మిగతా ఐదూ ఖరీదైన కార్డులు పడినా "చూద్దాం" అని ఉంచేసుకునేవారు. రెండో ల్యాండ్ వస్తే ఆటంతా వాళ్లది, రాకపోతే ఆటంతా ఏడుపు. రెండూ మిగతావాళ్లకు వినోదం కాదు. రింగ్ పోయాక అలాంటి చేతిని ఎవరూ ఉంచుకోలేదు. నలుగురి ఆటలో మొదటి మలిగన్‌కు (నచ్చని చేతిని వెనక్కి కలిపి మళ్లీ పంచుకోవడానికి) నష్టం లేదు కదా, హాయిగా మళ్లీ కలిపి ఏడు తీసుకునేవారు. తర్వాత మెల్లగా డెక్‌లలో ల్యాండ్‌లు పెరిగాయి. ముప్ఫైమూడు ల్యాండ్‌లతో నెట్టుకొచ్చినవాళ్లు ముప్ఫైఏడుకు వచ్చారు. ఆరేడు మనా ఖర్చయ్యే కమాండర్‌లను పెట్టుకున్నవాళ్లు తొలి వంతుల్లో ఏం చేయాలో ఆలోచించడం మొదలుపెట్టారు.

నష్టమూ ఉంది, దాచను. ఆకుపచ్చ డెక్‌లు ఇంకాస్త ఎగిశాయి. వాటికి కల్టివేట్, ర్యాంపంట్ గ్రోత్ వంటివి ఉన్నాయి, అవి ల్యాండ్‌లనే తెచ్చి పెడతాయి. ఎరుపుకూ తెలుపుకూ ఆ సౌకర్యం అంతగా లేదు. అందరికీ సమంగా దొరికే రంగులేని ఊతాన్ని తీసేస్తే, సొంత ఊతం ఉన్నవాడే లాభపడతాడు. సోల్ రింగ్‌ను వెనకేసుకొచ్చేవాళ్ల వాదనల్లో నేను నిజంగా గౌరవించేది ఇదొక్కటే. మీ బృందంలో ఇద్దరు ముగ్గురు ఆకుపచ్చ డెక్‌లే ఆడేవాళ్లుంటే నిర్ణయానికి ముందు దీన్ని తప్పకుండా చర్చించండి.

కొత్తవాళ్ల బల్ల దగ్గర ఉంచమని ఎందుకన్నానంటే, పెట్టె కొనుక్కుని ఉత్సాహంగా వచ్చిన మనిషికి కూర్చోకముందే "అందులోంచి ఆ కార్డు తీసెయ్యి, బదులు ఇంకోటి పెట్టు" అని చెప్పడం మర్యాద కాదు. అతని దగ్గర బదులు పెట్టడానికి మరో కార్డు కూడా ఉండకపోవచ్చు. అలాంటి చోట రింగ్‌ను భరించి, దానికి జవాబులు డెక్‌లో ఉంచుకోవడమే నయం. నేచర్స్ క్లెయిమ్ ఒక్క మనాతో దాన్ని పగలగొడుతుంది, ఎదుటివాడికి వచ్చే నాలుగు లైఫ్ గురించి బాధపడనక్కర్లేదు. వాండల్‌బ్లాస్ట్ తొలి వంతుల్లో ఒక మనాతో ఒక్క రింగ్‌నూ, ఆట ముదిరాక ఐదు మనాతో ఎదుటివాళ్ల ఆర్టిఫాక్ట్‌లన్నిటినీ ఊడుస్తుంది. కలెక్టర్ ఊఫ్ బల్లమీద ఉన్నంతసేపు రింగ్ ట్యాప్ కాదు, అయితే మీ సొంత రాక్‌లూ మూగబోతాయి. పదో వంతులో వచ్చిన సోల్ రింగ్ మీద మాత్రం ఇవి వృథా చేయకండి. అప్పటికి అది చేసే మేలు బహుస్వల్పం.

తీసేయాలనుకుంటే ఒక సూచన. శాశ్వత నిషేధం అని ప్రకటించకండి, ఎవరో ఒకరు అలుగుతారు. కొన్ని వారాలు లేకుండా ఆడి చూద్దామనండి, ఆ తర్వాత ఎవరికి ఏమనిపించిందో అడగండి. మా బృందంలో తిరిగి తెద్దామని పట్టుబట్టినవాళ్లు లేరు. రింగ్ తీసేసిన ఖాళీలో చాలామంది ఇంకో మనా రాక్ దూర్చేస్తారు. అలా చేయకండి, ఆ చోట ఒక ల్యాండ్ పెట్టండి. మీ ల్యాండ్‌ల లెక్క మీరు అనుకునేదానికన్నా తక్కువే ఉండి ఉంటుంది.